కొండాపూర్‌లో కొండ, గచ్చిబౌలిలో కంచ: హైదరాబాద్ పడమటి శివారులో మిగిలిన పచ్చని చోట్లు

హైదరాబాద్ పడమటి శివారులో ఊళ్ల పేర్లు ఇంకా పాత నేల సంగతే చెబుతుంటాయి. కొండాపూర్ పేరులో కొండ ఉంది. దుర్గం చెరువు పేరులో చెరువు ఉంది. గచ్చుతో కట్టిన బావి ఒకటి ఉండేది కాబట్టి గచ్చిబౌలి అనే పేరు వచ్చిందని చెబుతారు. కంచ గచ్చిబౌలి అన్నప్పుడు ఆ ‘కంచ’ ముళ్ల కంచె కాదు. తెలంగాణ పల్లెల్లో కంచ అంటే నాగలి పెట్టకుండా పశువుల మేతకు వదిలేసిన నేల. రాళ్లు, పొదలు, వానాకాలంలో మోకాలెత్తు గడ్డి, అక్కడక్కడా ఒక నీటి గుంట. ఊరందరిదీ అయిన భూమి అది.

1998 నవంబరులో అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన నాటికి ఆ భవనం చుట్టూ ఎక్కువగా కనిపించినవి బండరాళ్లు, సీతాఫలం పొదలే. పాతికేళ్లు దాటేసరికి అదే నేల మీద అద్దాల మేడలు, ఫ్లైఓవర్లు, ముప్పై నలభై అంతస్తుల నివాస సముదాయాలు లేచాయి. ఉద్యోగాల కోసం వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబాలు ఇల్లు వెతుక్కునేటప్పుడు అడిగే ప్రశ్నల్లో ఒకటి ఎప్పుడూ ఉంటుంది. పెద్దవాళ్లు పొద్దున్నే నడవడానికి, పిల్లలు ఆదివారం తిరగడానికి దగ్గరలో మంచి పార్కు ఏముంది?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పే ముందు ఒక తేడాను గమనించాలి. ఇక్కడి పచ్చని చోట్లు రెండు రకాలు. ఒకటి, నేలను చదును చేసి, మట్టి తెచ్చి పోసి, లాన్ పరచి, పూలమొక్కలు నాటి తయారు చేసిన పార్కు. రెండోది, ఎవరూ తయారు చేయనిది. కట్టడాలు చుట్టుముట్టినా ఏదో ఒక కారణంగా మిగిలిపోయిన పాత కంచ, పాత గుట్ట, పాత చెరువు. మొదటి రకం పార్కులు కాలనీ కాలనీకీ ఉన్నాయి. పిల్లలకు ఊయల, పెద్దలకు బెంచీ, చుట్టూ ఒక నడక దారి ఉంటాయి. అవీ అవసరమే. కానీ ఈ శివారులో నిజంగా చూడదగినవి, కాపాడుకోవలసినవి రెండో రకానివి.

ఎంత పచ్చదనం ఉంటే సరిపోతుంది?

కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2014లో విడుదల చేసిన ప్రణాళికా మార్గదర్శకాలు నగరాల్లో మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్ల బహిరంగ స్థలం ఉండాలని సూచించాయి. వినడానికి చిన్న అంకె. వెయ్యి ఫ్లాట్లున్న ఒక సముదాయాన్ని తీసుకుందాం. ఇంటికి నలుగురు చొప్పున నాలుగు వేల మంది. తక్కువ అంకె ప్రకారమే లెక్కేసినా 40 వేల చదరపు మీటర్లు, అంటే దాదాపు పది ఎకరాలు కావాలి. పడమటి శివారులో అలాంటి సముదాయాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకుంటే, కాలనీ పార్కులు ఒక్కటే ఈ అవసరాన్ని తీర్చలేవని తెలిసిపోతుంది. కాబట్టి లోటును ఇప్పటికీ భర్తీ చేస్తున్నవి పెద్ద స్థలాలే. వాటిలో మొదట చెప్పవలసింది కొత్తగూడ.

కొత్తగూడ: గోడ లోపలి అడవి

హఫీజ్‌పేట నుంచి గచ్చిబౌలికి వెళ్లే దారిలో, కొత్తగూడ కూడలి దగ్గర, కోట్ల విజయభాస్కర రెడ్డి బొటానికల్ గార్డెన్ ఉంది. విస్తీర్ణం సుమారు 274 ఎకరాలు. కొత్తగూడ రిజర్వు అటవీ భూమిలో ఏర్పాటైన ఈ ఉద్యానాన్ని అటవీ అభివృద్ధి సంస్థ నిర్వహిస్తోంది. పై లెక్క ప్రకారం చూస్తే ఈ ఒక్క చోటే లక్షా పదివేల మందికి కావలసిన బహిరంగ స్థలం.

లోపల ఔషధ మొక్కలు, కలప చెట్లు, పండ్ల చెట్లు, వెదుళ్లు, నీటి మొక్కలు అంటూ విభాగాలు చేశారు. బడిపిల్లలకు మొక్కల పేర్లు చెప్పడానికి ఇవి బాగా పనికొస్తాయి. అయితే ఉద్యానం అసలు అందం ఈ విభాగాల మధ్య ఉన్న చోట్లలో కనిపిస్తుంది. అక్కడ నాటని చెట్లున్నాయి. వేప, తుమ్మ, మోదుగ, నెమలినార, సీతాఫలం తమంతట తాము పెరిగాయి. వాటి నడుమ గుండ్రాళ్లు, రాళ్ల సందుల్లోంచి తొంగి చూసే తొండలు. తెల్లవారుజామున నెమలి కూత వినిపిస్తుంది. పొదల కింద కౌజుపిట్టలు పరుగు తీస్తాయి. ఓపిక ఉంటే ముంగిసనో, ఉడుమునో చూడవచ్చు.

పొద్దున నడకకు వచ్చేవారికి పాసులున్నాయి. మిగతా వేళల్లో టికెట్ కొనుక్కుని లోపలికి వెళ్లాలి. వేసవిలో ఎనిమిది దాటాక రాళ్లు వేడెక్కడం మొదలవుతుంది కాబట్టి ఆలోపే నడక ముగించుకోవడం మంచిది. వాన వెలిసిన మర్నాడు వస్తే మాత్రం తొందరపడనక్కర లేదు. మార్చిలో మోదుగ పూసినప్పుడు ఆకు లేని కొమ్మల మీద నారింజ రంగు మంటలా కనిపిస్తుంది. ఆ రెండు మూడు వారాలు వదులుకోకూడనివి.

అదే కొత్తగూడ అటవీ భూమిలో 2018లో పాలపిట్ట సైక్లింగ్ పార్కు మొదలైంది. చెట్ల మధ్య సుమారు మూడున్నర కిలోమీటర్ల సైకిల్ బాట. వాహనాల భయం లేకుండా పిల్లలు సైకిల్ తొక్కగలిగిన చోట్లు ఈ శివారులో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు కాబట్టి ఇది చిన్న సౌకర్యమేమీ కాదు.

ఆ పార్కు పేరు యథాలాపంగా పెట్టింది కాదు. పాలపిట్ట తెలంగాణ రాష్ట్ర పక్షి. రాష్ట్రం ఏర్పడిన ఏడాది, 2014లోనే, పాలపిట్టతో పాటు జింకను రాష్ట్ర జంతువుగా, జమ్మిని రాష్ట్ర వృక్షంగా, తంగేడును రాష్ట్ర పుష్పంగా ప్రకటించారు. ఈ నాలుగింటినీ కలిపి చూస్తే ఒక సంగతి తోస్తుంది. ఏదీ దట్టమైన కీకారణ్యంలోనే బతికేది కాదు. పాలపిట్టకు విడిగా నిలిచిన చెట్టూ, పురుగులు దొరికే బయలు నేలా కావాలి. జింకకు పొదలూ గడ్డీ కావాలి. జమ్మి మెట్ట నేల చెట్టు. తంగేడు బీళ్లలో, బాటల పక్కన దానంతట అది పూసే పొద. దసరా నాడు పాలపిట్టను చూసి, జమ్మి ఆకు పంచుకునే ఆచారం, తంగేడు, గునుగు పేర్చి బతుకమ్మను ఆడే ఆచారం కూడా కంచ చుట్టూ పెరిగిన పల్లె బతుకులోంచి వచ్చినవే. ఇప్పుడు పడమటి శివారులో బతుకమ్మకు పూలు ఎక్కడివంటే, ఎక్కువ మంది చూపించేది బజారును.

గుట్టలు ఎలా గుండ్రాళ్లయ్యాయి?

ఈ ప్రాంతానికి కొత్తగా వచ్చినవారు మొదట అడిగేది రాళ్ల గురించే. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టు, తోస్తే పడిపోయేట్టు నిలబడ్డ బండలు. వాటిని ఎవరూ పేర్చలేదు. దాదాపు 250 కోట్ల ఏళ్ల కిందట భూమి లోతుల్లో కరిగిన శిల చల్లబడి గట్టిపడి గ్రానైట్ అయింది. పైనున్న పొరలు యుగాల తరబడి కొట్టుకుపోయేకొద్దీ బరువు తగ్గి ఆ శిలలో నిలువుగా, అడ్డంగా పగుళ్లు విచ్చాయి. పగుళ్లలోకి దిగిన నీరు రాయిని కొద్దికొద్దిగా మెత్తబరచింది. పలక రాయికి మూలలు రెండు మూడు వైపుల నుంచి తడుస్తాయి కాబట్టి అవే ముందు అరిగిపోతాయి. అలా నలుచదరపు బండలు నేలలోనే గుండ్రబడ్డాయి. చుట్టూ ఉన్న మెత్తని మొరం వానలకు కొట్టుకుపోగా, లోపలి గుండ్లు ఒకదాని మీద ఒకటి మిగిలి బయటపడ్డాయి. కొన్ని బండల మీద ఉల్లిపొరల్లా రాతి పెచ్చులు ఊడి ఉండటం గమనిస్తే ఈ పని ఇంకా సాగుతూనే ఉందని అర్థమవుతుంది.

ఈ మొరం పొర వల్లే పడమటి శివారులో నీరు నిలుస్తుంది. గట్టి గ్రానైట్‌లోకి నీరు ఇంకదు. ఇంకేది పగుళ్లలోకి, మొరంలోకి మాత్రమే. కంచ నేల మీద పడ్డ వాన గడ్డి మొదళ్ల దగ్గర ఆగి, మెల్లగా మొరంలోకి దిగి, కొంత భూగర్భంలో నిలిచి, కొంత పల్లంలోని చెరువుకు చేరుతుంది. అదే చోట కాంక్రీటు వేస్తే ఆ వాన అంతా ఒక్కసారిగా రోడ్డు మీదికి వస్తుంది. ఒక గంట వానకే కూడళ్లలో మోకాలి లోతు నీరు నిలిచి, ఏప్రిల్ వచ్చేసరికి అదే ప్రాంతం నీళ్ల ట్యాంకర్ల కోసం ఎదురుచూడటానికి కారణాల్లో ఇదొకటి.

రాళ్లను చూడాలనుకునేవారికి ఖాజాగూడ గుట్టలు దగ్గర దారి. దర్గా ఉన్న ఫక్రుద్దీన్ గుట్ట చుట్టుపక్కల బండల మీద రాళ్లెక్కే సాధన చేసేవారు సెలవు రోజుల్లో పొద్దున్నే కనిపిస్తారు. పై నుంచి చూస్తే ఒక పక్క గోల్కొండ వైపు పాత నేల, మరో పక్క ఆర్థిక సంస్థల ఎత్తైన భవనాలు. దీపాలు, కాపలా ఉండే పార్కు కాదది. చీకటి పడ్డాక, ఒంటరిగా వెళ్లవలసిన చోటు కాదు. హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ, అంటే అప్పటి హుడా, కట్టడాలతో పాటు కొన్ని సహజ శిలలను కూడా వారసత్వ జాబితాలో చేర్చింది. దుర్గం చెరువు చుట్టూ ఉన్న గుట్టలు, కేంద్రీయ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని పుట్టగొడుగు రాయి ఆ జాబితాలోనివి. అరుదైన, మెచ్చుకోదగిన నిర్ణయం. అయితే జాబితాకెక్కింది రాయి. రాయి చుట్టూ ఉన్న పొద, గడ్డి, వాటిలో బతికే జీవం కాదు.

దుర్గం చెరువు: దాగిన చెరువు నుంచి దీపాల వంతెన దాకా

ఒకప్పుడు దీన్ని ‘సీక్రెట్ లేక్’ అనేవారు. చుట్టూ గుట్టలు అడ్డుండటంతో దగ్గరికి వచ్చేదాకా చెరువు ఉందని తెలిసేది కాదు. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు తాగునీరు అందించిన చెరువు ఇది. ఇప్పుడు దాని మీదుగా తీగల వంతెన ఉంది. 2020 సెప్టెంబరులో ప్రారంభమైన ఆ వంతెనను, రాత్రి దాని దీపాలను చూడటానికి నగరం నలుమూలల నుంచీ వస్తున్నారు. చెరువు ఒడ్డున నడక దారి, కూర్చునే చోట్లు ఉన్నాయి. సాయంత్రం పూట పిల్లలతో కాసేపు గడపడానికి పడమటి శివారులో ఇంతకంటే తేలికైన చోటు లేదు.

కానీ చెరువును చెరువుగా చూడటానికి వచ్చేవారికి కొంత నిరాశ తప్పదు. పరీవాహక ప్రాంతమంతా కాలనీలు అయ్యాక వాన నీటితో పాటు మురుగు కూడా ఇటే దారి పట్టింది. గుర్రపు డెక్క తీసేకొద్దీ మళ్లీ పెరుగుతుంటుంది. మురుగు శుద్ధి కేంద్రాలు పెట్టినా కొన్ని రోజుల్లో గాలి వీచే దిక్కును బట్టి వాసన తెలుస్తూనే ఉంటుంది. గుర్రపు డెక్క తనంతట తాను వచ్చే జబ్బు కాదు. నీటిలో మురుగు ఎరువులా కలుస్తున్నదనడానికి అది గుర్తు. చెరువు అందం వంతెన దీపాల మీద కంటే ఎగువ కాలనీల డ్రైనేజీ పైపుల మీద ఎక్కువ ఆధారపడి ఉంది.

ఇక్కడికి దగ్గరలోనే రాయదుర్గం మల్కం చెరువును కూడా నడక దారితో బాగుచేశారు. ఇరుగుపొరుగు కాలనీల వారికి అది పొద్దుటి చోటు. దాని తరువాతి కూడలి పేరు బయోడైవర్సిటీ జంక్షన్. 2012 అక్టోబరులో జీవ వైవిధ్యంపై ఐక్యరాజ్య సమితి ఒప్పంద దేశాల పదకొండో సదస్సు హైదరాబాద్‌లో జరిగినప్పుడు దాని గుర్తుగా ఇక్కడ ఒక పార్కు ఏర్పాటు చేశారు. ఇవాళ ‘బయోడైవర్సిటీ దగ్గర ఇరుక్కున్నాను’ అని ఎవరైనా ఫోన్‌లో చెబితే, అది పార్కు గురించి కాదు, సిగ్నల్ గురించి.

కంచ గచ్చిబౌలి: ఒకే నేల, రెండు పేర్లు

కొత్తగూడ ఉద్యానం నుంచి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది. 1969 నాటి ప్రత్యేక తెలంగాణ ఉద్యమం తరువాత రూపొందిన ఆరు సూత్రాల పథకంలో భాగంగా 1974లో ఈ విశ్వవిద్యాలయం ఏర్పడింది. తొలుత దానికి చూపిన భూమి సుమారు 2,300 ఎకరాలు. అందులోంచి కాలక్రమంలో స్టేడియానికీ, ఇతర విద్యా పరిశోధన సంస్థలకూ, బస్ డిపోకూ కొంత కొంత వెళ్లింది. మిగిలిన ప్రాంగణం, దాన్ని ఆనుకుని ఉన్న కంచ కలిసి ఈ శివారులో అన్నిటికంటే పెద్ద పచ్చని ముక్క. రాళ్లు, గడ్డి, విద్యార్థులు బఫెలో లేక్, పీకాక్ లేక్ అని పిలుచుకునే నీటి చోట్లు ఉన్నాయి. మచ్చల జింకలు, నెమళ్లు, నక్షత్ర తాబేళ్లు ఉన్నాయి. పక్షి పరిశీలకులు నమోదు చేసిన పక్షి జాతులు 200 దాటాయి. మురీషియా హైదరాబాదెన్సిస్ అనే సాలీడు జాతిని శాస్త్రజ్ఞులు మొదట గుర్తించింది ఈ ప్రాంగణంలోనే. ఆ పేరులో నగరం పేరుంది.

ఇందులో 25వ సర్వే నంబరులోని 400 ఎకరాల చుట్టూ రెండు దశాబ్దాలుగా వివాదం నడిచింది. 2004లో అప్పటి ప్రభుత్వం క్రీడా సదుపాయాల కోసమంటూ దాన్ని ఒక ప్రైవేటు సంస్థకు కేటాయించింది. 2006లో తరువాతి ప్రభుత్వం ఆ కేటాయింపును రద్దు చేసింది. సంస్థ కోర్టుకెక్కింది. 2024లో హైకోర్టు, ఆపై సుప్రీంకోర్టు కూడా రాష్ట్ర ప్రభుత్వం వైపు తీర్పునివ్వడంతో ఆ భూమి రాష్ట్ర పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ చేతికి వచ్చింది. అక్కడ ఐటీ సంస్థల కోసం అభివృద్ధి పనులు చేపట్టాలన్నది ప్రభుత్వ ఆలోచన.

2025 ఉగాది సెలవుల్లో ఆ కంచలోకి బుల్డోజర్లు వచ్చాయి. విద్యార్థులు అడ్డుకున్నారు, కొందరు అరెస్టయ్యారు. నెమళ్ల అరుపులు, పరుగు తీసే జింకల దృశ్యాలు దేశమంతటా ఫోన్లలో చేతులు మారాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానుగా విచారణ చేపట్టి పనులన్నీ నిలిపివేయాలని ఆదేశించింది. కోర్టు పంపిన అధికారి నివేదిక ప్రకారం అప్పటికే సుమారు వంద ఎకరాల్లో చెట్లు పోయాయి. ఏప్రిల్ 16న మళ్లీ విచారించిన ధర్మాసనం ఆ వంద ఎకరాలను ఎలా పునరుద్ధరిస్తారో ప్రణాళిక చెప్పాలని రాష్ట్రాన్ని అడిగింది. అక్కడి వన్యప్రాణుల రక్షణకు వెంటనే చర్యలు తీసుకోవాలని సంబంధిత అధికారిని ఆదేశించింది.

రాష్ట్ర ప్రభుత్వ వాదనను కూడా వినాలి. ఈ భూమి విశ్వవిద్యాలయానిది కాదు, ప్రభుత్వానిదేనని న్యాయస్థానాలు తేల్చాయి. రికార్డుల్లో దీన్ని ఎన్నడూ అడవిగా ప్రకటించలేదు. దీనికి బదులుగా విశ్వవిద్యాలయానికి గోపన్‌పల్లిలో భూమి ఇచ్చామని ప్రభుత్వం చెబుతోంది. పుట్టగొడుగు రాయి వంటి శిలలను హరిత స్థలాలుగా కాపాడతామనీ చెప్పింది. ఉద్యోగాలు, పెట్టుబడులు రావాలంటే భూమి కావాలన్నది అబద్ధమేమీ కాదు. ఈ శివారు అంతా అలా పెరిగినదే.

అసలు చిక్కు ‘అడవి’ అనే మాటలో ఉంది. కొత్తగూడలో ఉన్న రాయి, మొరం, సీతాఫలం, నెమలి కంచ గచ్చిబౌలిలోనూ ఉన్నాయి. నేల ఒకటే, వాన ఒకటే. కానీ కొత్తగూడ రికార్డులో రిజర్వు అడవి. అందుకే అక్కడ గోడ కట్టారు, టికెట్ పెట్టారు, గార్డులను నియమించారు. కంచ గచ్చిబౌలి రికార్డులో ప్రభుత్వ రెవెన్యూ భూమి, బీడు. బీడు అన్న మాటలోనే దాని మీద ఏమీ లేదన్న అర్థం ధ్వనిస్తుంది. ఆ అర్థం పశువులను తోలుకెళ్లిన వాడికి ఎప్పుడూ ఒప్పుదల కాదు, కానీ సర్వే కాగితాల్లో స్థిరపడింది.

ఈ తేడాను దేశ న్యాయస్థానం ఎప్పుడో గుర్తించింది. టి.ఎన్. గోదావర్మన్ కేసులో 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, అటవీ సంరక్షణ చట్టం వర్తించడానికి భూమి ఎవరిదన్నది ముఖ్యం కాదు. నిఘంటువు అర్థంలో అడవి అనదగినది ఏదైనా అడవే. అలాంటి భూములను గుర్తించడానికి రాష్ట్రాలు నిపుణుల సంఘాలు వేయాలని కూడా అప్పుడే చెప్పింది. ఆ గుర్తింపు పూర్తి కాని చోటల్లా కంచ, గుట్ట, పొదల నేల కాగితాల్లో ఖాళీ స్థలంగానే కనిపిస్తూ వస్తాయి. పైగా నిఘంటువు తెరిచినా ‘అడవి’ అనగానే మన కళ్ల ముందుకు వచ్చేది ఆకాశాన్నంటే చెట్లే కానీ మనిషెత్తు తంగేడు పొదలు కావు. దక్కను పీఠభూమిలో, ఏడాదికి 80 సెంటీమీటర్ల వాన పడే పలుచని నేలలో, సహజంగా పెరిగేది ఇలాంటి పొదల అడవే. దీన్ని ఎదగని అడవి అనుకోవడం పొరపాటు. అది ఉండవలసిన తీరే అది.

అమీన్‌పూర్: హోదా వచ్చిన చెరువు

మియాపూర్ దాటి, సంగారెడ్డి జిల్లా హద్దులోకి అడుగుపెట్టగానే అమీన్‌పూర్ పెద్ద చెరువు వస్తుంది. ఇబ్రహీం కుతుబ్ షా ఏలుబడిలో, అంటే 1550–1580 మధ్య, తవ్వించినదిగా చెబుతారు. 2016లో దీన్ని జీవ వైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. దేశంలో పట్టణ ప్రాంతపు చెరువు ఒకటి ఈ హోదా పొందడం అదే మొదలు. చలికాలం మొదట్లో వలస బాతులు, నీరు తగ్గి గట్టు పక్క బురద తేలినప్పుడు పొడుగు కాళ్ల పక్షులు వస్తాయి. కొన్నేళ్లు రాజహంసలు కూడా దిగాయి. ప్రకటించిన విస్తీర్ణం 93 ఎకరాలు. ఒకప్పుడు దీనికి మూడింతలుండేదంటారు. హోదా వచ్చినంత మాత్రాన మురుగు ఆగలేదు, ఆక్రమణల ఫిర్యాదులూ ఆగలేదు. కానీ గెజిట్‌లో ఒక పేరు ఉండటం వల్ల ఫిర్యాదు చేసేవారికి చూపించడానికి ఒక కాగితం ఉంది. కంచ గచ్చిబౌలికి లేనిది అదే.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, పొద్దు పొడవక ముందే వెళితే ఇక్కడ పక్షులు బాగా కనిపిస్తాయి. బైనాక్యులర్లు ఉంటే మంచిది. గట్టు మీద నిలబడి చూడాలి తప్ప బురదలోకి దిగకూడదు, పక్షులకు తిండి వేయకూడదు. కొత్తగూడలోనూ అంతే, నెమళ్లకు బిస్కెట్లు వేయడం ప్రేమ అనుకుంటారు కానీ అది వాటిని మనుషుల చేతికి, వీధి కుక్కల నోటికి దగ్గర చేస్తుంది. వానాకాలంలో పొదల్లోకి చెయ్యి పెట్టడం, రాళ్లు కదిలించడం వద్దు. ఇది పాముల నేల కూడా.

పోయిన కంచ తిరిగి వస్తుందా?

వంద ఎకరాలను పునరుద్ధరించాలని కోర్టు అన్నప్పుడు చాలామందికి తోచేది మొక్కలు నాటడం. కంచ విషయంలో అది సగం జవాబే. తంగేడు, మోదుగ, సీతాఫలం, తుమ్మ వంటివి గొడ్డలికి లొంగే రకాలు కావు. నరికినా వేరు బతికి ఉంటే తొలకరికి మళ్లీ చిగురిస్తాయి. తరతరాలుగా మేకలు మేసినా, కట్టెల కోసం కొట్టినా ఈ పొదలు నిలిచింది ఆ గుణం వల్లే. అందువల్ల వేళ్లు మిగిలిన చోట చేయవలసిన మొదటి పని అడ్డం లేకుండా ఉండటం. యంత్రాలు, బళ్లు తిరగకుండా, నిప్పు పడకుండా రెండు మూడు వానాకాలాలు కాపలా కాయడం.

బుల్డోజర్ వేళ్లతో సహా పెకలించి, పై మట్టిని గీకేసిన చోట సంగతి వేరు. అక్కడ మిగిలేది ఉత్త మొరం. గడ్డి గింజలు, పుట్టలు, చెదలు, వేళ్లను అంటుకుని బతికే శిలీంధ్రాలు అన్నీ ఆ జానెడు పై మట్టిలోనే ఉంటాయి. అలాంటి చోట ముందు గడ్డి రావాలి. గడ్డి మట్టిని పట్టి ఉంచాక పొదలు, పొదల నీడన చెట్లు వస్తాయి. తొందరపడి కానుగో, గుల్‌మొహరో వరుసల్లో నాటి, ట్యాంకర్లతో నీళ్లు పోస్తే రెండేళ్లలో పచ్చగా కనిపిస్తుంది. కానీ కౌజుపిట్ట గుడ్లు పెట్టేది నేల మీద, గడ్డి దుబ్బుల చాటున. నక్షత్ర తాబేలు మేసేది గడ్డిని, నేలబారు మొక్కల ఆకులను. చెట్ల వరుసల కింద, ఊడ్చి శుభ్రం చేసిన నేల మీద అవి బతకవు. అందుకే వంద ఎకరాల ప్రణాళికలో చూడవలసిన మొదటి అంకె ఎన్ని మొక్కలు నాటుతారన్నది కాదు. ఎంత పై మట్టి ఇంకా అక్కడే ఉంది, ఎన్ని మొదళ్లలో వేరు బతికి ఉంది అన్నవి.